నలుగురి వంట నాలుగు వందల మందికి: ఎసరు లెక్క ఎందుకు తప్పుతుంది?

నలుగురికి వండే అన్నాన్ని నలభై మందికి వండాలంటే అన్నిటినీ పదింతలు చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. బియ్యం వరకు ఆ లెక్క సరైనదే. ఎసరు కూడా పదింతలు పెడితే మాత్రం అన్నం ముద్దవుతుంది. హాస్టళ్లలో, పెళ్లిళ్లలో, అన్నదానాల్లో తరచూ ఎదురయ్యే ఈ చిక్కు వెనుక సులభమైన సైన్సు ఉంది. అది తెలిస్తే రుచే కాదు, తినేవారి ఆరోగ్యమూ నిలుస్తుంది.

నేరుగా హెచ్చించదగినవి

గింజలు, పప్పులు, కూరగాయలు మనిషికి ఇంత అని లెక్కగట్టేవి. పీఎం పోషణ్ మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం లేదా గోధుమలు, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని ప్రమాణం. 200 మంది పిల్లలుంటే 20 కిలోల బియ్యం, 4 కిలోల పప్పు, 10 కిలోల కూరగాయలు, కిలో నూనె కావాలి. ఇక్కడ గుణకారం చాలు. ఉప్పు కూడా దాదాపు ఇంతే. అయితే దాన్ని పొయ్యి మీద పెట్టిన నీటిని బట్టి కాక, చివరకు తయారయ్యే వంటకం పరిమాణాన్ని బట్టి వేయాలి.

ఎసరులో రెండు భాగాలు

అన్నం వార్చకుండా వండేటప్పుడు ఎసరులో కొంత గింజలోకి చేరుతుంది, మిగిలింది ఆవిరవుతుంది. గింజ పీల్చుకునే నీరు బియ్యం పెరిగినంతా పెరుగుతుంది. ఆవిరయ్యే నీరు అలా పెరగదు. అది గిన్నె మూతి వెడల్పుపైన, సెగపైన, ఉడికే సమయంపైన ఆధారపడుతుంది.

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు పెట్టారనుకుందాం. అందులో గ్లాసున్నర గింజలోకి వెళ్లి, అర గ్లాసు ఆవిరైందనుకుందాం. ఇప్పుడు పది గ్లాసుల బియ్యం వండాలి. అదే ఆకారంలో పదింతలు పట్టే గుండిగ మూతి వైశాల్యం పదింతలు ఉండదు, సుమారు 4.6 రెట్లే ఉంటుంది. గింజలకు 15 గ్లాసులు, ఆవిరికి దాదాపు 2.3 గ్లాసులు, మొత్తం 17.3 గ్లాసులు చాలు. 20 గ్లాసులు పోస్తే రెండున్నర గ్లాసులకు పైగా నీరు అన్నంలోనే మిగిలిపోతుంది. బియ్యం రకాన్ని, పాతదనాన్ని బట్టి అంకెలు మారినా సూత్రం మారదు. గంజి వార్చే పద్ధతిలో ఈ చిక్కే రాదు. ఎక్కువైన నీరు గంజిగా బయటికి పోతుంది.

ఆకారం మారకుండా పాత్ర ప్రతి కొలతా రెట్టింపైతే అందులో పట్టే పదార్థం 8 రెట్లు, ఉపరితలం 4 రెట్లు మాత్రమే పెరుగుతాయి. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంబంధాన్ని వివరించాడు. పెద్ద జంతువుల ఎముకలు ఎందుకంత లావుగా ఉండాలో చెప్పే ఆ సూత్రమే పెళ్లి వంటలోనూ పనిచేస్తుంది.

సమయం, సెగ

లీటరు నీటిని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి మరిగించడానికి సుమారు 315 కిలోజౌళ్ల వేడి కావాలి. గిన్నెకు కిలోవాట్ వేడి అందించే పొయ్యి మీద అది ఐదు నిమిషాల పైచిలుకు పని. అదే పొయ్యి మీద 20 లీటర్లు మరగాలంటే దాదాపు గంటా ముప్పావు పడుతుంది. మరిగాక మాత్రం గింజ ఉడికే సమయం పెద్దగా మారదు. ఒక్కో గింజ పరిమాణం మారలేదు కదా!

ఉల్లిపాయలు వేయించడం మరో ఉదాహరణ. పది కిలోల ముక్కల్ని ఒకేసారి మూకుట్లో పోస్తే వాటి నీరు ఆవిరై పోవడానికి చోటు చాలదు. నీరున్నంత సేపు ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి అవి ఎర్రగా వేగకుండా ఉడుకుతాయి. విడతలుగా వేయించడమే దీనికి మార్గం.

అసలు ప్రమాదం చల్లారేటప్పుడు

పెద్ద గుండిగ నెమ్మదిగా వేడెక్కినట్టే నెమ్మదిగా చల్లారుతుంది. చిక్కటి పప్పు, అన్నం లాంటి వాటిలో పొర మందం రెట్టింపైతే లోపలి వేడి బయటికి రావడానికి సుమారు నాలుగింతల సమయం పడుతుంది. పైన గోరువెచ్చగా ఉన్నా, మధ్యలో బ్యాక్టీరియాకు అనువైన వేడి గంటల తరబడి నిలుస్తుంది.

బాసిల్లస్ సీరియస్, క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాల బీజాలు మరిగించినా చావకపోవచ్చు. ఆహారం మెల్లగా చల్లారేటప్పుడు అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ తయారుచేసే ఒక విషపదార్థం మళ్లీ వేడి చేసినా నశించదు. అందుకే వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచవద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన లేదా నిల్వకు 5 డిగ్రీల కంటే తక్కువలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

నిల్వ చేయవలసిన ఆహారాన్ని గుండిగలోనే వదలకుండా వెడల్పాటి పళ్లాల్లో రెండు అంగుళాలకు మించని మందంతో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పులిహోరకు వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోయడం తెలుగు ఇళ్లలో మామూలే. మెతుకులు విడివిడిగా ఉండడానికి చేసే ఆ పనిలో, ఉపరితలాన్ని పెంచి వేడిని త్వరగా వదిలించే కిటుకు కూడా ఉంది. ఎక్కువ మందికి వండే చోట ఆ కిటుకు ఇంకా ఎక్కువ అవసరం.