చెట్టు మీద బూజు, బీరువాలో పేను

వానాకాలం ముదిరితే హంసలదీవిలో ఒక పట్టాన ఏదీ ఆరదు. ఒక పక్క కృష్ణ పాయ, ఇంకో పక్క సముద్రం. దండెం మీది బట్ట నుంచి బీరువాలోని పుస్తకం దాకా అన్నీ చెమ్మే. తెలుగువాళ్లం సాలెగూటినీ బూజే అంటాం, ఊరగాయ మీద తెల్లగా లేచేదాన్నీ బూజే అంటాం. ఈ రెండింటితోనూ పనిపడే చిట్టి పురుగులున్నాయి. ఇంగ్లిషువాళ్లు వాటిని బార్క్‌లైస్, అంటే బెరడు పేలు అన్నారు. చిక్కంతా ఆ పేరుతోనే మొదలైంది.

అపోహ: చెట్టు కాండాన్ని కప్పిన తెర సాలీడు పనే.

వాస్తవం: కానక్కర్లేదు. ఆర్కిప్సోకస్ అనే ఉష్ణమండల ప్రజాతి పురుగులు గుంపుగా బతుకుతూ, కింది పెదవి దగ్గరి గ్రంథుల నుంచి దారం తీసి తెర అల్లుతాయి. ఫ్లోరిడాలో ఆర్కిప్సోకస్ నోమస్ మొదలు నుంచి కొమ్మల దాకా చెట్టుకు ముసుగేస్తుంది. అది వేటకు పన్నిన వల కాదు. దాని చాటున అవి నింపాదిగా మేస్తాయి.

అపోహ: చెదల్లా చెట్టును గుల్ల చేస్తాయి.

వాస్తవం: బెరడు మీది పాచి, లైకెన్లు, బూజు, ఎండిన పొట్టు, ఇవే వాటి మేత. మందు కొట్టే పనిలేదు. తెర గాలికీ వానకూ దానంతటదే చిరిగిపోతుంది. చెద అని పొరబడ్డవాళ్లలో జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ కూడా ఉన్నాడు. ఈ కోవకే చెందిన ఒక ఇంటి పురుగుకు 1758లో ఆయన చెదల పేరు, టెర్మెస్, తగిలించాడు. ఇప్పుడు దాన్ని ట్రోజియం పల్సటోరియం అంటారు.

అపోహ: పేలు అన్నాక తలకెక్కకుండా ఉంటాయా?

వాస్తవం: ఇవి రక్తం తాగవు. చుట్టరికం మాత్రం నిజమే. పక్షుల, జంతువుల ఒంటి మీది అసలు పేలు ఈ వంశం నుంచే చీలాయి. అందుకే శాస్త్రజ్ఞులు రెండింటినీ సోకోడియా అనే ఒకే క్రమంలో చేర్చారు. తలలో పేనుకు దగ్గరి చుట్టం, పుస్తకాల్లో తిరిగే లిపోసెలిస్.

అపోహ: పాత పుస్తకం తెరవగానే పరుగెత్తే ఆ నలుసులు కాగితాన్ని తినేస్తున్నాయి.

వాస్తవం: లిపోసెలిస్ సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, రెక్కలుండవు. దానికి కాగితం కన్నా దాని మీది బూజు, బైండింగులోని పిండి జిగురు ఇష్టం. ఇళ్లలో ఎక్కువగా కనిపించే లిపోసెలిస్ బోస్ట్రికోఫిలాలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి కాబట్టి ఒక్కటి చేరినా చాలు. బియ్యం డబ్బాలో మాత్రం ఫిర్యాదు న్యాయమైనదే: అక్కడ నూకల్ని, గింజ మొలకను కొరుకుతాయి.

లిపోసెలిస్ బలహీనత పొడి గాలి. గాలిలోని తేమనే పీల్చి బతికే ప్రాణి, ఆ తేమ 50 శాతం లోపు పడిపోతే కొన్ని వారాల్లో ఎండి చస్తుంది. వాన వెలిశాక మేడ మీద బియ్యం ఆరబోసే ఇంట్లో, పక్కనే నీడపట్టున పుస్తకాలకూ కాస్త చోటిస్తే సరి.