ముత్తాత ఊరు చెప్పే నంబరు

తాతగారి పేరు అడిగితే మనం వెంటనే చెబుతాం. ముత్తాత పేరు అడిగితే కాస్త తడుముకుంటాం. ఆయన తండ్రి పేరు చాలామందికి తెలియదు. రాజులకు శాసనాలున్నాయి. భూమి ఉన్న రైతు పేరు సెటిల్‌మెంట్ రిజిస్టరులో దొరకవచ్చు. మరి సెంటు భూమి కూడా లేని కూలీ ఆనవాలు ఎక్కడ దొరుకుతుంది? అలాంటివారిలో ఒక వర్గానికి వివరమైన రికార్డులే ఉన్నాయి. ఒప్పందం మీద సముద్రం దాటినవారే ఆ కూలీలు.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు నటాల్ చెరకు తోటలకు, గనులకు, రైల్వే పనులకు వెళ్ళారు. వారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు.

మనిషికో నంబరు

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక వలస నంబరు ఇచ్చేవారు. దాని ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు, మచ్చలు రాసేవారు. ఇదంతా కూలీ మీద గౌరవంతో చేసింది కాదు. ఒప్పందం ముగిసేదాకా అతన్ని గుర్తుపట్టడానికి, పారిపోతే పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు. ఆ కాగితాలే నేడు అతని మునిమనుమలకు ఆధారమయ్యాయి. ఇంటి వంశవృక్షాల్లో సాధారణంగా కనిపించని స్త్రీకి కూడా ఇక్కడ సొంత నంబరు, సొంత వరుస ఉంటాయి.

యజమాని మారినా, పెళ్ళి నమోదైనా, మరణించినా కాగితాల్లో ఈ నంబరే కనిపిస్తుంది. వేరువేరు రిజిస్టర్లలోని ముక్కలను కలిపే దారం ఇదే అన్నమాట.

మూడు చిక్కులు

మొదటిది పేరు. కూలీ పలికినదాన్ని తెలుగు రాని గుమాస్తా ఆంగ్లంలో రాసుకునేవాడు. ‘వెంకటస్వామి’ ఒకచోట ‘వెంకటసామి’గా, మరోచోట ‘వెంగడసామి’గా మారవచ్చు. పైగా ఇంటిపేరుకు గడే లేదు. అందుకే తండ్రి పేరు, నంబరు తోడు లేకుండా పేరును ఒంటరిగా నమ్మకూడదు.

రెండవది వయసు. పుట్టిన తేదీ తెలియనివారు 20, 25, 30 వంటి గుండ్రని అంకెలు చెబుతారు. జనాభా లెక్కల్లో కూడా ఈ ధోరణి కనిపిస్తుంది. రికార్డులో 25 అని ఉంటే 22 నుండి 28 వరకు ఎంతైనా కావచ్చునని భావించి వెతకాలి.

మూడవది జిల్లా. ‘గంజాం’ అని ఉందని ఒడిశాలోనే వెతికితే దారి తప్పవచ్చు. 1936కు ముందు శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఆ పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. కాబట్టి ఊరిని నేటి పటంలో కాక, ఆ కాలపు తాలూకా పటంలో చూడాలి.

సాక్ష్యాన్ని తూచడం

ఇదీ విజ్ఞానశాస్త్రం నడిచే బాటే. ఒక్క ఆనవాలు కలిస్తే అది ఊహ మాత్రమే. తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది మచ్చ వంటివి విడివిడిగా రాసిన రెండు మూడు కాగితాల్లో కలిస్తే ఊహ బలపడుతుంది. ఒక్కటి గట్టిగా విభేదించినా మళ్ళీ మొదటికి రావాలి. తొందరపడితే ఎవరి ముత్తాతనో మన ముత్తాత అనుకుంటాం, ఎవరి ఊరికో వెళ్ళి బంధుత్వం కలుపుకుంటాం.

ఎంత వెతికినా రిజిస్టరు చెప్పనివి కొన్ని ఉంటాయి. అతను కరువుకు ఊరు విడిచాడా, అప్పుకా, మోసపోయా? ఆ వరుసలో దానికి గడి లేదు. అటువంటివి పెద్దల నోటి మాటల్లోనే మిగులుతాయి. అందుకే వెతుకులాట ఎప్పుడూ ఇంటి నుండే మొదలుపెట్టాలి. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారిని అడిగి, వారు చెప్పిన పేర్లు, ఊళ్ళు, చెప్పిన తేదీతో సహా రాసి ఉంచండి. రిజిస్టరు వందేళ్ళు ఆగగలదు, మనుషుల జ్ఞాపకం అంతకాలం ఆగదు.