పేరు రాస్తేనే ఓటు

తెల్లదొరల కాలంలో ఓటు కావాలంటే భూమి ఉండాలి, పన్ను కట్టాలి, లేదా చదువుకుని ఉండాలి. మద్రాసు రాష్ట్రంలో 1921లో ఆడవాళ్లకూ ఓటిచ్చారు గానీ, ఆస్తిపాస్తులున్న వాళ్లకే. 1937 ఎన్నికల నాటికి బ్రిటిష్ ఇండియా మొత్తమ్మీద ఓటర్లు సుమారు 3 కోట్లు. ఒకప్పుడు నైజాం ఏలుబడిలో ఉన్న మా పల్లెల్లో సామాన్యులు అసెంబ్లీకి ఓటేసింది మొదటిసారి 1952లోనే.

రాజ్యాంగం 326వ అధికరణం ఆస్తి, చదువు షరతులను కొట్టేసింది. 21 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఓటిచ్చింది. అలా తొలి ఎన్నికల జాబితాకు 17 కోట్ల మందికి పైగా ఎక్కారు. చదువు రాని వాళ్ల కోసం గుర్తులు పెట్టారు, అభ్యర్థికో పెట్టె చేయించారు.

అయినా ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అందుకు ఒప్పుకోలేదు. చివరికి దాదాపు 28 లక్షల మంది జాబితాకెక్కలేదు. చట్టం ఇచ్చిన ఓటు వాళ్ల చేతికి అందలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని, మా ఊరి బూత్ లెవల్ ఆఫీసర్ (బీఎల్‌వో)ని. జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే ఆ ఆడవాళ్లే నాకు గుర్తొస్తారు. "కోడలి ఓటు తల్లిగారింట్లోనే ఉంది, ఉండనీ టీచరమ్మా" అంటారు పెద్దవాళ్లు. ఇక్కడ కాపురం, అక్కడ ఓటు! పోలింగ్ రోజు పొలం పని మాన్పించి అంత దూరం ఎవరు పంపుతారు? అందుకే ఆ అమ్మాయినే బయటికి పిలిచి, ఓటు ఇక్కడికి మార్చుకునే ఫారం 8 తన చేతే నింపిస్తాను.

ఓటు హక్కు పెరగడం తొలి ఎన్నికలతో ఆగలేదు. 61వ సవరణతో 1989లో వయసు 18కి దిగింది. 2010 చట్టంతో గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లూ సొంతూరి జాబితాలో చేరొచ్చు. ఓటేయడానికి మాత్రం ఇక్కడికి రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటిన వాళ్లకు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటేసే వీలు కల్పించారు.

ఇంత చేసినా, జాబితాలో పేరు లేనివారికి ఓటు లేదు. 17 నిండిన పిల్లలు ఫారం 6తో ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. పోలింగ్ రోజు వచ్చి పేరు లేదంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఈ వారమే మీ బీఎల్‌వోని కలిసి, ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ చూసుకోండి.