సంచీతో వచ్చిన వదినకు కార్డు ఉందా?

జనవరి వచ్చిందంటే చాలు, ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడికే వాసన గుప్పుమంటుంది. కళ్లాల నిండా ఆరబోసిన కొమ్ములు, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బస్తాలతో కదిలే బండ్లు. తొమ్మిది నెలలు కనిపెట్టుకున్న పంట డబ్బు ఇళ్లకు చేరే కాలం. దీనికి తోడు దుబాయ్, మస్కట్‌లలో ఉన్న మగవాళ్లు పంపే డబ్బు ఒకటి. ఈ సంగతులన్నీ తెలిసినట్టే, మధ్యాహ్నం గిన్నెలు సర్దుకొని కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు, గుమ్మంలో సంచీతో ఒకావిడ ప్రత్యక్షమవుతుంది.

పరాయి మనిషి కాదు. వరసకు వదినో, చెల్లెలో, పిల్లల బడి దగ్గర పరిచయమైన ఆమో.

"అక్కా, గీ సబ్బు ఒక్కసారి వాడి సూడు. నీకే తెలుస్తది" అంటుంది. సబ్బు అయ్యాక పళ్లపొడి, ఆ తర్వాత బలానికి కలుపుకొని తాగే పొడి. మంచినీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకొని, అసలు మాట అప్పుడు తీస్తుంది. "నువ్వు గూడ చేరరాదూ? నీ కింద ముగ్గుర్ని చేర్పిస్తే సాలు, నీ సామాను పైసలు నీకు ఎల్లిపోతయి."

మొదటి మాట అమ్మకం. అందులో తప్పేమీ లేదు. మనం ఆగి ఆలోచించాల్సింది ఆ రెండో మాట దగ్గర!

ఇలా దుకాణం లేకుండా, మనుషుల ద్వారా ఇంటింటికీ సరుకు అమ్మడాన్ని డైరెక్ట్ సెల్లింగ్ అంటున్నారు. దీనికోసం కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో ముసాయిదా పెట్టి, అదే ఏడాది డిసెంబర్ 28న ఏకంగా నియమాలే ప్రకటించింది. ఇవి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చినవి. ఇలాంటి నియమాలు వస్తున్నాయంటే సంచీ మోసే ఆడవాళ్లకు మొదట కలిగేది భయమే. బీడీలు చుట్టగా మిగిలిన పొద్దులో నాలుగు సబ్బులు అమ్ముకుంటే దానికీ కాగితాలా, దానికీ కార్డులా అని!

నిజమే, కాగితాలు కావాలి. అమ్మే మనిషికీ కంపెనీకీ మధ్య రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడగకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. వెళ్లగానే తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చిందో, ఎందుకు వచ్చిందో చెప్పాలి. ధర ఎంత, నచ్చకపోతే వాపసు ఎలా అన్నది దాచకూడదు. కొన్నవాళ్లకు ఆర్డరు కాగితం ఇవ్వాలి. అందులో ఆమె పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సరుకు వివరాలు, తిరిగి ఇచ్చి డబ్బు పుచ్చుకునే హక్కు, అన్నీ ఉండాలి.

చదువుతుంటే నవ్వొస్తుంది కదూ! మన వీధిలో వదిన ముందుగా టైం అడిగి మన ఇంటికి రావడమేమిటి? మెడలో కార్డు వేసుకొని "నేను ఫలానా" అని చెప్పుకోవడమేమిటి? ఢిల్లీలో కూర్చొని రాసినవాళ్లకు ఆర్మూరు వాకిళ్ల సంగతి తెలియదనే నాకూ మొదట అనిపించింది. కానీ ఆలోచించగా, ఆ కార్డు వల్ల ఎక్కువ మేలు కొనేవాళ్లకు కాదు, అమ్మే వదినకే అనిపిస్తోంది. ఎలాగంటారా?

1978 నుంచీ మన దేశంలో ఒక చట్టం ఉంది. గొలుసుకట్టుగా మనుషుల్ని చేర్చుకుంటూ పోయి, ఆ చేరికల మీదే డబ్బు తిప్పే పథకాలను అది నిషేధించింది. నడిపినవాళ్లకే కాదు, అందులో సభ్యుల్ని చేర్చినవాళ్లకూ, పాలు పంచుకున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో సి.ఐ.డి. వాళ్లు ఆమ్వే కార్యాలయాలపై దాడులు చేశారు. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. ఆ పథకం 1978 చట్టం కిందికే వస్తుందని 2007లో హైకోర్టు అంది. అప్పటికి సరుకు అమ్ముకునే మామూలు మనిషిని, గొలుసు అల్లే మనిషిని వేరుచేసి చూపే నియమాలు విడిగా లేవు. అంటే "నీ కింద ముగ్గుర్ని" అన్న వదిన, తనకు తెలియకుండానే కత్తి అంచు మీద నడిచినట్టు!

కొత్త నియమాలు ఆ గీత గీశాయి. సరుకు అమ్మి సంపాదించు, తప్పు లేదు. మనుషుల్ని చేర్చి సంపాదిస్తానంటే మాత్రం కుదరదు. ఇంకొకళ్లను పంపితే నీ సరుకు ఖర్చు నీకు తిరిగొస్తుందని ఆశ చూపి కొనిపించడం కూడా నిషేధమే. వదిన మంచినీళ్లు తాగాక అన్న మాట అచ్చంగా ఇదే కదా! పైగా ఆమె అమ్మిన సరుకు మీద ఫిర్యాదు వస్తే కంపెనీ కూడా జవాబు చెప్పాలి. భారం ఆమె ఒక్కదాని నెత్తిన పడదు.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా చుట్టాలావిడ మాట కాదనలేక నేనూ ఒకచోట చేరాను. కంపెనీ పేరెందుకు లెండి. చేరడానికి డబ్బు కట్టించుకున్నారు, దానికి తగ్గ డబ్బాలు అంటగట్టారు. నాలుగు డబ్బాలు మొహమాటానికి అమ్మాను, మిగతావి అటక మీద గడువు దాటిపోయాయి. డబ్బు పోతే పోయింది, ఆవిడా నేనూ ఒకరి ఇంటి పెళ్లికి ఒకరం పోకుండా అయ్యాం. ఆవిడ తప్పు మాత్రం ఏముంది? ఆవిడను చేర్చింది ఆవిడ ఆడపడుచే!

చేరడానికి ఫీజు అడగకూడదని, అమ్ముడుపోయే దానికన్నా ఎక్కువ సరుకు కొనిపించకూడదని 2016 మార్గదర్శకాలు చెప్పాయి. చేరాక మనసు మారితే, కొంత గడువులోపు నష్టం లేకుండా ఒప్పందం వదులుకునే వీలు 2021 నియమాల్లోనూ ఉంది. ఆ గడువు ఎన్ని రోజులో సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి. మొహమాటపడకండి.

మరి ఇంట్లోనే పసుపు ఆడించి, పొట్లాలు కట్టి అమ్ముకునే అక్కలు? వాళ్లు కంగారు పడనక్కరలేదు. ఈ నియమాలు కంపెనీతో ఒప్పందం చేసుకొని అమ్మేవాళ్లకే. సొంత పొలం పసుపు సొంత చేత్తో అమ్ముకోవడం ఇందులోకి రాదు. కాకపోతే అది తినే వస్తువు కనుక ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు వేరే ఉంది, అది చేయించుకోవాలి. నన్నడిగితే ఆర్మూరు వాకిట్లో అమ్మదగ్గ సరుకు ఆ పసుపే! దానికి కింద ముగ్గురు అక్కర్లేదు.

వదిన ఈసారి వస్తే మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, కార్డు చూపించమని నవ్వుతూనే అడగండి. ఉంటే సబ్బు కొనండి, ఆర్డరు కాగితం రేషన్ కార్డు పెట్టే కవరులో భద్రపరచండి. తేడా వస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి చెప్పాలి. మామూలుగా నెలలోపు వాళ్లు పరిష్కరించాలి. అక్కడ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1915. కార్డు లేదంటుందా? ఈ పేజీ చింపి ఆమె సంచీలో పెట్టండి.