ఆకుకు ముందే పువ్వు: తనకల్లు మెట్టనేలలో వసంతాంతపు బహువార్షికాలు

కీలకపదాలు: వసంత ఋతువు, బహువార్షిక గుల్మాలు, నక్కవుల్లి, కంద, సుప్తావస్థ, మెట్టనేల తోటలు

ప్రవేశిక

తెలుగు పంచాంగంలో చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. తనకల్లు రైతుకు అవే ఎండ ముదిరే నెలలు. కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో ఉన్న ఈ మండలం ఒకప్పటి అనంతపురం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం ప్రాంతపు సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం జూన్ నుంచి అక్టోబర్ దాకా కురుస్తుంది. వైశాఖం వచ్చేసరికి నేలను తడిపిన చివరి మంచి వానకు ఐదారు నెలలు గడచి ఉంటాయి. వేరుశనగ చేలు బోడిగా ఉంటాయి. గుట్టల మీది గడ్డి ఎండి పసుపుబారి ఉంటుంది. అటువంటి ఎర్రనేలను చీల్చుకొని, ఒక్క ఆకైనా లేకుండా, పూలకాడ మాత్రమే పైకి వచ్చే మొక్కలు కొన్ని ఉన్నాయి. ఈ వ్యాసం వాటిని గురించినది.

మన కావ్యాల వసంతం ప్రధానంగా చెట్ల వసంతం. మామిడి, మోదుగ, అశోకం అందులో నిత్యం కనిపిస్తాయి. లోతుకు వేరు దించిన చెట్టుకు వేసవిలోనూ కొంత చెమ్మ అందుతుంది కనుక అది చిగురించడంలో వింత లేదు. జానెడు లోతున ఉన్న గడ్డ పూయడమే వింత. కవులు దాన్ని పట్టించుకోకపోవడానికి అది ఎక్కువగా రాత్రిపూట పూయడమో, పూస్తే దుర్వాసన రావడమో కారణమై ఉండవచ్చు.

నిరుటి వానతో ఈ ఏటి పూత

వృక్షశాస్త్రంలో ఈ లక్షణానికి 'హిస్టెరాంథీ' అని పేరు. పూత ముందు, ఆకు తరువాత అని దాని తాత్పర్యం. వానాకాలంలో మొక్క ఆకులు వేసి ఆహారం తయారుచేసి గడ్డలో దాచుకుంటుంది. వానలు ఆగి నేల ఆరేకొద్దీ ఆకులు పండి రాలిపోతాయి. గడ్డ మాత్రం నేలలో నిద్రపోతుంది. వేసవిలో పూలకాడను పైకి నెట్టేది ఆ నిల్వే. అంటే వైశాఖంలో మనం చూసే పువ్వు ఈ ఏటి నీటితో పూచినది కాదు, నిరుటి వాన మిగిల్చినది. నిరుడు కరువైతే ఆ లోటు ఈ ఏటి పూతలో కనిపిస్తుంది.

ఇందులో మొక్కకు రెండు లాభాలున్నాయి. మొదటిది నీటి పొదుపు. ఆకు విస్తీర్ణం పెద్దది, దాని గుండా ఆవిరయ్యే నీరూ ఎక్కువ. సన్నని పూలకాడకు అంత ఖర్చు లేదు. రెండవది కాలం కలిసిరావడం. వైశాఖంలో పూస్తే జ్యేష్ఠానికి గింజ పండుతుంది. ఆ సమయానికి నైరుతి గాలులు బలపడతాయి, వెనుకనే తొలకరి వస్తుంది. గాలికి ఎగిరి పడిన గింజకు వానాకాలమంతా ముందుంటుంది. ఆకులు వేసి, ఆపై పూసి, చివరకు గింజ పండించే మొక్కకు ఈ సౌకర్యం లేదు. దాని గింజ ఎండునేల మీద ఏడాది పొడుగునా చీమలకూ పక్షులకూ దొరుకుతూ పడి ఉండాలి.

యూరప్ తోటల్లో వసంతానికి పూచే టులిప్ కూడా గడ్డ మొక్కే. దానికి శీతాకాలపు చలి తగలకపోతే పూత సరిగా రాదు. మన గడ్డలకు చలికి బదులు కరువు ఆ పని చేస్తుంది. ఈ భేదం గుర్తించకుండా చలిదేశాల తోటపని పుస్తకాలను ఇక్కడ అనుసరించడం వల్లనే చాలా తోటల్లో గడ్డలు కుళ్ళుతున్నాయి.

నక్కవుల్లి

ఈ వర్గంలో ముందుగా చెప్పవలసినది నక్కవుల్లి. అడవి ఉల్లి అనీ అంటారు. శాస్త్రీయనామం డ్రిమియా ఇండికా. పాత గ్రంథాల్లో ఇది అర్జీనియా ఇండికాగా కనిపిస్తుంది. అంతకుముందు రాక్స్‌బర్గ్ దీన్ని సిల్లా ఇండికా అన్నాడు. పరిశోధకులు ఈ మూడు పేర్లనూ కలిపి వెతకకపోతే సమాచారంలో సగం చేజారుతుంది.

గడ్డ చూడటానికి ఉల్లిగడ్డే. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా దాని నుంచి ఒంటికాడ లేస్తుంది. మోకాలి ఎత్తు దాటి, ఒక్కోసారి నడుము దాకా పెరుగుతుంది. దాని పొడుగునా ఎడంఎడంగా, తలవంచిన చిన్న పూలు. రంగు ఆకర్షణీయమైనది కాదు: తెలుపులో గోధుమవన్నె, కొద్దిపాటి ఆకుపచ్చ. పూలు చీకటి పడే వేళకు విచ్చుకుంటాయి, తెల్లవారేసరికి ముడుచుకుపోతాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రాత్రే. పగలు ఆ దారిన పోయేవారికి ఎండిన పుల్లగా తప్ప కనిపించకపోవడానికి ఇదే కారణం. కాయ పగిలితే లోపల నల్లని, కాగితమంత పలుచని గింజలుంటాయి. గాలి వాటిని సులువుగా మోసుకుపోతుంది.

గొర్రెలూ మేకలూ తిరిగే గుట్టవాలుల్లో ఇది మిగిలి ఉండటానికి కారణం విషం. గడ్డలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లున్నాయి. మధ్యధరా తీరపు స్క్విల్‌కు ప్రత్యామ్నాయంగా, 'ఇండియన్ స్క్విల్' పేరుతో దీన్ని ఔషధ వ్యాపారంలో వాడారు. మోతాదుకూ విషానికీ మధ్య ఎడం బాగా తక్కువ కనుక ఇది ఇంటి వైద్యానికి పనికివచ్చే గడ్డ కాదు. మేక నోటి నుంచి కాపాడిన ఆ విషమే మనిషి గునపానికి దాన్ని గురిచేసింది. ఆకు లేని కాలంలో గడ్డ ఎక్కడుందో తెలియదు. పూలకాడ మాత్రం ఆనవాలు పట్టిస్తుంది. పూతకాలంలో గడ్డ తవ్వితే ఆ ఏటి గింజ కూడా పోతుంది. వానలు వెనుకబడి, గింజ రాలిన తరువాత తవ్వకం జరిగితే నష్టం కొంత తగ్గుతుంది.

కంద పువ్వు

కంద తెలుగు వంటింటికి చిరపరిచితం. గోదావరి మండలాల్లో అది వాణిజ్య పంట. కొవ్వూరులో రూపొందిన 'గజేంద్ర' రకం ప్రసిద్ధం. అయినా కంద పువ్వు చూసినవారు తక్కువ. నాటిన ఏడాదిలోనే గడ్డ తవ్వేస్తారు కాబట్టి పూసే అవకాశం దానికి రాదు. పెరటిలో మరచిపోయిన పెద్ద గడ్డ, లేదా పొదల నీడలోని అడవి కంద, వేసవి చివర తొలి జల్లుల వేళ పూస్తుంది.

నేలకు ఆనుకొని ఊదారంగు గరాటువంటి దోనె, దాని నడుమ ముడతలు పడిన పెద్ద ముద్ద. మనం పువ్వు అనేది నిజానికి పుష్పగుచ్ఛం. అసలు పూలు దోనె అడుగున ఉంటాయి, ఆడపూలు కింద, మగపూలు పైన. ఆడపూలు ముందు పరిపక్వమవుతాయి. అప్పుడు నడిముద్ద వేడెక్కి కుళ్ళిన మాంసపు వాసన వెదజల్లుతుంది. ఆ వాసనకు పెంటపురుగుల వంటి కీటకాలు చేరతాయి. పుప్పొడి రాలేది ఆ తరువాతనే. స్వపరాగ సంపర్కాన్ని మొక్క ఇలా తప్పించుకుంటుంది. మొక్క తన ఒంటిని వేడి చేసుకోవడం వృక్షజగత్తులో అరుదు. ఆ వేడికి కావలసిన పిండిపదార్థమంతా నిరుటి ఆకు కూర్చిపెట్టినదే.

పేరు గురించి ఒక మాట

ఈ ప్రాంతపు మొక్కలపై టి. పుల్లయ్య, ఎన్. యశోద కూర్చిన అనంతపురం జిల్లా వృక్షసంపద గ్రంథం 1989లో వచ్చింది. శాస్త్రీయనామాలు అలా స్థిరపడినా తెలుగు పేర్ల సేకరణ వెనుకబడే ఉంది. 'అడవి ఉల్లి' అన్న ఒక్క పేరు ఊరు మారితే వేరే మొక్కకు వర్తించవచ్చు. తెలుగు పేరు ఎంత దూరం పోగలదో తెలియాలంటే కుందేటి కొమ్ములను చూడాలి. కాడలే తప్ప ఆకులు కనిపించని ఈ మొక్క ప్రధానంగా వానాకాలంలో పూస్తుంది కనుక మన చర్చలోకి రాదు. కాని దాని తెలుగు పేరుగా రాక్స్‌బర్గ్ 1795లో నమోదు చేసిన 'కారల్లం' నుంచే రాబర్ట్ బ్రౌన్ 1810లో 'కారల్లుమా' ప్రజాతికి పేరు పెట్టాడు. కొందరు దానికి అరబ్బీ వ్యుత్పత్తి కల్పించారు. అది నిలిచేది కాదు.

తోటలోకి

కదిరి మల్లెలకు పేరున్న సంగతి తెలిసినదే. మల్లె రైతు శీతాకాలంలో నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత తడి ఇచ్చి పూత రప్పిస్తాడు. అంటే అతడు మొక్కకు ఒక చిన్న కరువును చేత్తో కల్పిస్తున్నాడు. కాని పూత మొదలయ్యాక వేసవి పొడుగునా నీరు కావాలి. బోర్లు ఎండే ఊళ్ళలో ఆ నీటికి పోటీ తప్పదు. ఇంటి ముంగిట పది పూల మొక్కలకు వేసవిలో బిందెలకొద్దీ నీరు పోయలేని కుటుంబం తోటే మానుకుంటోంది. నక్కవుల్లి, కంద వంటి వాటి విలువ ఇక్కడ తెలుస్తుంది: వేసవిలో నీరు పోయకపోవడమే వాటికి చేసే సేవ.

నర్సరీల్లో 'మే పువ్వు' పేరుతో దొరికే ఎర్రని బంతివంటి లిల్లీ, స్కాడోక్సస్ మల్టీఫ్లోరస్, ఆఫ్రికా మొక్క. అదీ వేసవి చివరే పూస్తుంది. దాన్ని డబ్బు పెట్టి కొనే చేతులే గుట్ట మీది నక్కవుల్లిని కలుపుగా పీకుతున్నాయి. మే పువ్వు అందం కాదనలేనిది. అయితే రాత్రిపూట వరండాలో కూర్చునే ఇంటికి రాత్రి పూచే మొక్క ఎందుకు పనికిరాదో ఆలోచించవలసి ఉంది.

'భరణి కురిస్తే ధరణి పండును' అని సామెత. ఏప్రిల్ చివర మొదలయ్యే భరణి కార్తె జల్లు గడ్డలకూ మంచిదే, నీరు నిలవకపోతే. కాబట్టి ఇసుక, గులకరాయి కలిపిన ఎర్రమట్టి ఎత్తుగా పోసి నాటాలి. నక్కవుల్లిని పిల్లలకూ పశువులకూ అందని చోట ఉంచాలి. అడవి నుంచి గడ్డ తేవడం కంటే జ్యేష్ఠంలో గింజ సేకరించి వెంటనే చల్లడం మేలు. గింజ నుంచి వచ్చిన మొక్క పూయడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ప్రతి వేసవీ కుండీలో మట్టి తప్ప ఏమీ కనిపించదు. ఖాళీ కుండీ అనుకొని ఎవరూ పారబోయకుండా, లోపల ఏముందో ఒక చీటీ మీద రాసి గుచ్చడం అవసరం.