మార్టినీకు దీవి వర్తకము - మన మద్రాసు రుమాలు

గడచిన సంక్రాంతికి ముందు వారములో పురసవాక్కములోని మా సంఘపు అమ్మకపు డిపోకు ఒక విదేశపు మహిళ వచ్చినారు. వయస్సు యాభై దాటి ఉండును. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. చేతిసంచిలోనుండి మడతపెట్టిన పాత రుమాలు తీసి బల్లమీద పరచి, "మద్రాస్ కావాలి" అన్నారు. ఇది మద్రాసేనని మా గుమాస్తా చెప్పినాడు. ఊరు కాదు, గుడ్డ కావాలని ఆమె వేలు పెట్టి చూపినారు. మేము లుంగీలు, దుప్పట్లు, తువాళ్ళు వరుసగా తీసి ముందు వేసినాము. ఆమె ఒక్కొక్కటే తడిమి చూచి, తల అడ్డముగా ఊపి, "మద్రాసులో మద్రాస్ లేదా?" అని అడిగినారు. నా దగ్గర జవాబు లేకపోయినది.

ఆమెది మార్టినీకు దీవి. అక్కడి ముఖ్యపట్టణమైన ఫోర్-ద-ఫ్రాన్సులో చిన్న కుట్టుపని దుకాణము నడుపుచున్నారు. ఆ రుమాలు వారి అమ్మమ్మగారి పెట్టెలోనిది.

నూలు కోసము వచ్చి ఒకమూల కూర్చొనియున్న మా సంఘ సభ్యుడు ఒక పెద్దాయన లేచి వచ్చినాడు. చీరాల ప్రాంతమువాడు, ఎనభై ఏండ్లు నిండినవి. రుమాలును వెలుతురుకు పట్టి చూచి, వాసన చూచి, తిప్పి చూచినాడు.

"అబ్బాయీ, ఇది మనదే. ఎనిమిది గజాల తానులో గజం ముక్క. చిన్నప్పుడు మా నాయన నేస్తుంటే నేను కండెలు చుట్టేవాణ్ణి. కానీ ఈ పసుపు మాత్రం మనది కాదురా. నూలులో ఎక్కిన రంగు కాదు ఇది. ఎవరో పైన కుంచెతో పూశారు. ఇటు తిప్పి చూడు."

తిప్పి చూచినాను. పైన పసుపు కొమ్ములాగ మెరయుచున్న గడి, వెనుకవైపు వెలవెలబోయిన చాయగా ఉన్నది. ఆమె ఆశ్చర్యపడి, ఆ సంగతి నిజమేనని, వారి దీవిలో పూర్వము ఆ పూతపని చేసి బ్రతికిన స్త్రీలు ఉండేవారని చెప్పినారు. ఆ ఒక్క మాటను గురించియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా ఆ దీవి సంగతి. మార్టినీకు కరీబియను సముద్రములో ఉన్నది. వైశాల్యము సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య మూడున్నర లక్షలు. అనగా మన పట్టణములో కొన్ని పేటల జనము. 1635లో ఫ్రెంచివారు అక్కడ స్థిరపడినారు. 1946లో ఆ దీవిని ఫ్రాన్సు దేశములో ఒక పరగణాగా చేర్చినారు. అందుచేత వేల మైళ్ళ దూరమున ఉన్నను వారు పారిసు పార్లమెంటుకు సభ్యులను ఎన్నుకొందురు. యూరో నాణెము వాడుదురు. ఐరోపా సమాఖ్య చట్టములు అక్కడ చెల్లును.

వారి ఎగుమతులు కొద్ది. అరటిపండ్లు, చెరకురసముతో చేసిన రమ్ము, శుద్ధిచేసిన పెట్రోలు - ఇవి ముఖ్యము. ముడి చమురు అక్కడ పుట్టదు. బయటనుండి తెచ్చి, తమ కర్మాగారములో శుద్ధిచేసి, సాటి ఫ్రెంచి ప్రాంతములైన గ్వాడెలూపుకు, గయానాకు అమ్ముదురు. దిగుమతులు మాత్రము ఎగుమతులకు ఎన్నో రెట్లు. మందులు, కార్లు, తిండిసామాను, బట్టలు అన్నియు ఓడమీద రావలసినవే. అందులో పెద్దభాగము ఫ్రాన్సునుండియే వచ్చును. దీవిలో దిగిన సరుకుపైన "సముద్రపు సుంకము" అని ఒక పన్ను గలదు. దాని మూలము 1670 నాటిది. 2022 లెక్కల ప్రకారము అక్కడ తిండిసామాను ధరలు ఫ్రాన్సుకంటె నూటికి 40 వంతులు ఎక్కువ. 2024 సెప్టెంబరులో ఈ ధరల గురించి జనము వీధులకెక్కినారు. ఇట్టి చోట సంసారులు గుడ్డ కొనునపుడు పైస పైస చూచుకొందురు. చవకైన మిల్లు అచ్చుగుడ్డ ఎదుట మన మగ్గము గుడ్డ నిలువవలెనన్న కారణము ఉండవలెను.

ఆ దీవికి మన గుడ్డ ఎట్లు చేరినది? ఈస్టిండియా కంపెనీవారు 1693లో పురసవాక్కము, ఎగ్మూరు, తండయారుపేట గ్రామములను సంపాదించినారు. 1734లో కంపెనీ వర్తకుడు సుంకు రామ తోట స్థలములో నేతగాండ్రను కుదుర్చుటకు చింతాద్రిపేట కట్టినారు. చిన్న తరి, అనగా చిన్న మగ్గము, పేట అన్నదే ఆ పేరని చెప్పుదురు. అటు ఫ్రెంచివారు పుదుచ్చేరిలో ఉండి ఇదే తీరపు గుడ్డలను కొనినారు. తమ దేశములో మన అద్దకపు గుడ్డలను 1686 నుండి 1759 వరకు నిషేధించినను, తమ ఓడలలో బయటి దేశములకు మన గుడ్డలను పంపుట మానలేదు.

ఇక్కడ చెప్పక తప్పని సంగతి ఒకటి గలదు. కోరమాండలు తీరపు నీలిగుడ్డలు, గళ్ళగుడ్డలు ఐరోపా ఓడలలో ఆఫ్రికాకు పోయి, అక్కడ మనుష్యులకు మారుగా చెల్లినవి. ఆ మనుష్యులనే బానిసలుగా ఇట్టి దీవుల చెరకుతోటలలో దింపినారు. నేసిన మన పెద్దలకు ఆ సంగతి తెలియదు. కాని గుడ్డ చేసిన ప్రయాణము అది. 1848లో బానిసత్వము రద్దయినది. తోటలకు కూలీలు కావలసి, 1853 మే నెలలో మనవారిని ఎక్కించుకొన్న మొదటి ఓడ మార్టినీకు చేరినది. 1883 వరకు సుమారు 25 వేలమంది పోయినారు. అందులో ఎక్కువమంది తమిళులు, వారితో తెలుగువారును ఉన్నారు. వారు పోవునాటికే అక్కడి స్త్రీల తలమీద మన ఊరి పేరు గల రుమాలు ఉన్నది.

ఆ స్త్రీలు రుమాలును తలకు చుట్టి, కొసలు పైకి నిలుచునట్లు ముడివేయుదురు. ఒక కొస నిలిపిన మనసు ఖాళీగా ఉన్నదని, రెండు నిలిపిన మనసు ఇచ్చినదని, మూడు నిలిపిన పెండ్లియైనదని పూర్వము అర్థము చెప్పుకొనేవారు. సెయింట్ లూసియా, డొమినికా దీవులలోను పండుగనాటి వేషములో ఈ గళ్ళగుడ్డయే. జమైకాలో దీనిని బండానా అందురు. బానిసలుగా తేబడినవారి బిడ్డలు దానిని తమ గౌరవచిహ్నముగా చేసికొన్నారు. మన చేతిపనికి ఇంతకంటె మర్యాద ఏమి ఉండును?

ఇక పసుపు సంగతి. లాఫ్కాడియో హెర్న్ అను రచయిత 1887 నుండి 1889 వరకు మార్టినీకులోని సెయింట్ పియర్ పట్టణములో నివసించి, ఆ దీవి జీవనము గురించి 1890లో గ్రంథము ప్రకటించినాడు. కొత్త మద్రాసు రుమాలు కొన్న స్త్రీ దానిని నేరుగా కట్టుకొనక, పూతపని చేయు స్త్రీ దగ్గరకు తీసికొనిపోయి, గళ్ళలోని పసుపును కుంచెతో కాంతివంతము చేయించుకొనుట అందులో ఉన్నది. ఆ సెయింట్ పియర్ పట్టణము 1902 మే 8న అగ్నిపర్వతము పేలి సుమారు 30 వేలమందితో నాశనమైనది. పూతపని కూడ తరువాత కాలములో అంతరించినది.

సోదరులారా, దీనిని ఆలోచించుడు. అక్కడివారికి మన పసుపు చాలలేదు. మండు ఎండలో దూరమునుండి మెరయు పసుపు వారికి కావలెను. అందుకు మన గుడ్డ వెలమీద మరల కూలి ఇచ్చి రంగు వేయించుకొన్నారు. ఈ కబురు మగ్గము దగ్గరకు రాలేదు. వచ్చియుండిన, చిలపను మరి రెండు ముంపులు ముంచి ఆ పసుపును మనమే ఇచ్చియుందుము. ఆ కూలి మన ఇండ్లకు వచ్చియుండును. నేతగానికి, కట్టుకొను మనిషికి నడుమ షావుకారు, కంపెనీ, ఓడ, దిగుమతిదారు, దుకాణదారు నిలిచినారు. సరుకు అందరి చేతులు దాటి పోయినది. మాట మాత్రము తిరిగి రాలేదు.

ఆమె నమూనాకు పది తానులు అడిగినారు. మూడు మగ్గములమీద ఎక్కించినాము. బయట అద్దించిన ఎర్రనూలు చూచుటకు బాగున్నది. నాలుగు తానులు దిగిన తరువాత పెద్దాయన ఒక ముక్కను సబ్బునీటిలో ఉడికించి చూపినాడు. ఎరుపు కారి పసుపుమీదకు పోయినది. గడువు దగ్గరపడినది గనుక ఎట్లో పంపివేయుదమని నేను అన్నాను. ఆ మాట ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను.

"మూడు తరాలు పెట్టెలో దాచుకున్న గుడ్డ చూపించి అడిగిందిరా ఆమె. ఒక్క ఉతుకుకి పోయే గుడ్డ ఇస్తావా?" అన్నాడు పెద్దాయన.

"నష్టం ఎవరు భరిస్తారు పెదనాన్నా?" అన్నాను.

"పంపిస్తే భరించేది మన మనవళ్ళు" అన్నాడు.

ఒక నెల గడువు కోరుచు జాబు వ్రాసినాము. నేసినవారికి కూలి తక్కువ చేయక, ఆ నాలుగు తానుల నష్టమును సంఘపు లెక్కలో చూపినాము. వాట్ రంగుతో నూలు మరల అద్దించి, తడి పరీక్ష చేయించి, పది తానులు పంపినాము. తరువాత ఆమె పాతిక తానులకు ఆర్డరు వ్రాసినారు. పాతిక తానులు పెద్ద వ్యాపారము కాదు. కాని ఆ జాబులో పసుపు గడి ఎంత వెడల్పు ఉండవలెనో తన చేతితో గీత గీసి పంపినారు. ఆ కాగితమును మేము నమూనా పుస్తకములో అంటించినాము.

రంగు కారుటయే గొప్పగా చెల్లిన కాలము ఒకటి లేకపోలేదు. 1958లో అమెరికాకు పోయిన మద్రాసు గుడ్డ ఉతికిన వెంటనే కారి గొడవ అయినది. అక్కడి వర్తకులు తెలివిగా, కారుటకు హామీ యని ప్రకటనలు చేసి దానినే ఫ్యాషనుగా అమ్మినారు. కొన్ని సంవత్సరములు జరిగినది, ఫ్యాషను మారినది. అది షావుకారుకు లాభము గాని మగ్గమునకు దారి కాదు. ఒకే విపణిని నమ్ముటయు అట్టిదే. చీరాల ప్రాంతపు రుమాళ్ళు ఎంతో కాలము నైజీరియాకు పోయినవి. అక్కడి సముద్రతీరపు దీవులలోని కలబారి జనులు దానిని పెండ్లికి, చావుకు కావలసిన గుడ్డగా పెట్టెలలో దాచుకొందురు. ఆ ప్రభుత్వము 1970ల చివరి భాగమునుండి విదేశపు బట్టలను పలుమార్లు నిషేధించగా, ఇక్కడ మగ్గములు ఆగినవి.

పేరు సంగతి కూడ చెప్పవలెను. మార్టినీకువారు తమ రమ్ముకు 1996లో ఊరిపేరు హక్కును చట్టరీత్యా సంపాదించుకొన్నారు. ఆ దీవిలో నిర్ణయించిన పద్ధతిలో చేసినది తప్ప మరియొకటి ఆ పేరుతో అమ్మరాదు. అదే 1996లో మన పట్టణము మద్రాసు పేరు వదలి చెన్నై అయినది. ఇప్పుడు మద్రాసు అను మాట గుడ్డమీదనే ఎక్కువగా బ్రతుకుచున్నది. ఎక్కడి మిల్లు గళ్ళగుడ్డకైనను ఆ పేరు పెట్టి అమ్ముచున్నారు. పోచంపల్లి సోదరులు 2005లో తమ ఇక్కతుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకొన్నారు. దారి ఉన్నదని వారు చూపినారు.

కాబట్టి మన సంఘములకు నా మనవి ఇది. విదేశపు ఆర్డరు ఏది వచ్చినను, ఆ గుడ్డను చివరకు ఎవరు, ఎట్లు వాడుదురో అడిగి వ్రాసి పెట్టుడు. ప్రతి అద్దకపు చిలపకు మగ్గమెక్కకముందే తడి పరీక్ష చేయుడు. వీవర్స్ సర్వీస్ సెంటరు సలహా తీసికొనుడు. ఐరోపా సమాఖ్య 2002లో కొన్ని ఆజో రంగులను నిషేధించినది. మార్టినీకు అంత చిన్న దీవిలోను ఆ చట్టము చెల్లును గనుక రంగు కొన్న రసీదు దాచుడు. ఎగుమతి కాగితముల విషయములో 1965 నుండి మన పట్టణములోనే పనిచేయుచున్న చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలిని అడుగుడు. అన్ని మగ్గములు ఒకే కొనుగోలుదారుకు కట్టిపెట్టకుడు.

ఇప్పుడు మా డిపోలో అద్దాల బీరువాలో రెండు మద్రాసు రుమాళ్ళు ఎప్పుడును ఉంచుచున్నాము. అమ్ముడుపోయిన వెంటనే మరి రెండు పెట్టవలెనని గుమాస్తాకు చెప్పినాను. మద్రాసులో మద్రాస్ లేదా అని మరల ఎవరును అడుగరాదు.

- సంఘ కార్యదర్శి, పురసవాక్కము