తోట కుంటలోని చేపలకు చలికాలపు ఏర్పాట్లు



పొలము చివరనో, మామిడితోట నడుమనో పది యిరువది సెంట్ల కుంట త్రవ్వుకొని, అందులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలను పెంచుకొనుచున్న వారు మీలో అనేకులు కలరు. వానలు పడిన తరువాత వదలిన వేలెడంత పిల్ల దీపావళి నాటికి పావుకిలో దాటును. చలి గడచి, మాఘమాసములో ఎండ ముదిరి, మరల మేత పట్టినచో వేసవి నాటికి కిలో వరకు తూగును. ఈ రెంటి నడుమ ఉన్నది చలికాలము. నెలల తరబడి పెంచిన చేపలు ఒక్క తెల్లవారుజామున నీటిపై తేలి కనబడుట ఈ కాలముననే జరుగుచుండును.

ఈ సంగతి విని చెప్పుట లేదు. కళాశాలలో విద్యార్థులకు వ్యవసాయము బోధించు నేనే, మా తోటలోని పది సెంట్ల కుంటలో ఒక చలికాలమున సగము చేపలను పోగొట్టుకొంటిని. ఆశ్వయుజములో వేసినంత తవుడు, చెక్క మార్గశిరములోను వేయించితిని. పైగా నీటికి బలము కలుగునని రెండు గంపల పేడ కూడ చల్లించితిని. మూడు దినములు మబ్బు, మంచు పట్టినవి. నాలుగవనాటి తెల్లవారుజామున చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. ప్రొద్దు పొడుచు సరికి పెద్ద బొచ్చెలు చచ్చి తేలినవి. చలికి చచ్చినవని యింటివారితో అంటిని. మధ్యాహ్నము కుంటలోనికి దిగి అడుగు మట్టి తీసి చూడగా, తినక మిగిలిన మేత కుళ్లి, నల్లని బురదయై, ముక్కు మూసుకొనునంత దుర్వాసన వచ్చుచుండెను. అప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు.

చలికాలములో కుంటకు చేయవలసిన ఏర్పాటు చేపలకు వెచ్చదనము కల్పించుట కాదు. నీటిలోని ప్రాణవాయువు తరిగిపోకుండ కాపాడుటయే. మిగిలిన పనులన్నియు దీనికొరకే.

చలికి కుంటలో ఏమి జరుగును?

చేప శరీరమునకు మన శరీరమువలె స్వంత వేడి లేదు. నీరు ఎంత చల్లబడిన చేప కూడ అంత చల్లబడును. మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు జాతులకు 25 నుండి 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల నీరు అనుకూలము. నీరు 20 డిగ్రీలకు తగ్గినచో చేప మందగించి మేత తగ్గించును. 15 డిగ్రీలకు దిగినచో దాదాపు మానివేయును. కోస్తా జిల్లాలలో అంత చలి అరుదు. కాని ఆదిలాబాదు వైపున, అరకు లోయలోను చలి రాత్రులందు గాలి వేడిమి 10 డిగ్రీలకు లోపల కూడ దిగుచుండును. పెద్ద చెరువుకంటె చిన్న కుంట త్వరగా చల్లబడును.

అయినను చలి యొక్కటియే చేపను చంపుట అరుదు. ఐరోపా దేశములలో పైన మంచుగడ్డ కట్టిన చెరువుల అడుగున బంగారుతీగ చేపలు చలికాలమంతయు బ్రతికియుండును. అదియునుగాక చల్లని నీరు ఎక్కువ ప్రాణవాయువును పట్టుకొనగలదు. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాములు ఇముడగా, 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడును. మరి చేపలు ఊపిరాడక చచ్చుటకు కారణమేమి?

దీనిని ఇంటి జమాఖర్చువలె చూడుడు. నీటికి ఆకుపచ్చ రంగునిచ్చు సూక్ష్మమైన నాచు పగటి యెండలో ప్రాణవాయువును తయారుచేయును. ఇది జమ. రాత్రియందు చేపలు, ఆ నాచు, అడుగున కుళ్లుచున్న మేత, పేడ, ఆకులు అన్నియు దానిని వాడుకొనును. ఇది ఖర్చు. కావున సూర్యోదయమునకు ముందు నిలువ మిక్కిలి తక్కువగా నుండును. చలికాలమున పగలు చిన్నది. మంచు, మబ్బు పట్టిన నాడు ఎండయే యుండదు. జమ తగ్గినది. చేప తినని మేత అడుగున చేరుటచే ఖర్చు పెరిగినది. ఇట్టి దినములు రెండు మూడు వరుసగా వచ్చినచో నిలువ అంతయు హరించును.

మరియొక ప్రమాదము కార్తిక, మార్గశిరములలో వచ్చు తుపాను వానల వలన కలుగును. పైనీరు ఒక్కసారిగా చల్లబడి, బరువెక్కి అడుగునకు దిగును. అడుగునున్న దుర్వాయువులతో కూడిన నీరు పైకి వచ్చును. ఆ రాత్రి కుంటను కనిపెట్టి యుండవలెను.

చలికి ముందు చేయవలసిన పనులు

ఈ పనులను దీపావళి వెళ్లిన పదిహేను దినములలో ముగించుట మంచిది.

1. నీటి లోతు: కుంటలో 5 నుండి 6 అడుగుల నీరుండునట్లు నింపుడు. రాత్రి చలికి పైనీరు చల్లబడినను, లోతైన చోట చేపలు తలదాచుకొనును. గట్లకు ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు ఉన్నచో మెత్తి గట్టిపరచుడు. మిరప, ప్రత్తి చేలలో పురుగు మందులు కొట్టు దినములివి. ఆ చేల నీరు కుంటలోనికి దిగకుండ కాలువకు అడ్డుకట్ట వేయుడు.

2. ఎండ: చలికాలమున సూర్యుడు దక్షిణముగా వాలి నడచును. కావున కుంటకు దక్షిణపు గట్టుమీద, తూర్పు గట్టుమీద ఉన్న చెట్ల కొమ్మలను నరికి, నీటిపై ఎండ పడునట్లు చేయుడు. గుర్రపుడెక్క, తామర వంటివి నీటిని కప్పియున్నచో తీసివేయుడు. రాలిన ఆకులను వారమునకు రెండు మారులు వెదురు గడకు కట్టిన వలతో తీసి ఎరువు గుంటలో వేయుడు. నీటిలో కుళ్లిన ఆకు చేపకు శత్రువు. గుంటలో కుళ్లిన ఆకు మీ చేనికి ఎరువు.

3. సున్నము: పది సెంట్ల కుంటకు 8 కిలోల సున్నమును ముందునాటి రాత్రి పీపాలో నీటితో నానవేసి, బాగుగా చల్లారిన పిదప, ఉదయము 9, 10 గంటల నడుమ కుంట అంతట చల్లుడు. ఇది అడుగు బురదలోని పులుపును విరచి, వ్యాధి క్రిములను అణచును. అయితే నీటి ఉదజని సూచిక ఉదయముననే 8.5కు మించియున్నచో సున్నము వలదు. నల్లరేగడి ప్రాంతముల వారు ముందుగా నీటిని పరీక్ష చేయించుకొనవలెను. సున్నము చల్లిన వారమువరకు పేడ గాని యూరియా గాని వేయరాదు. వేసినచో వానినుండి పుట్టు అమ్మోనియా మరింత విషమగును.

4. చేపల సంఖ్య: క్రిందటేటి పెద్ద చేపలు మిగిలియున్నచో ముందుగానే పట్టి అమ్ముకొనుడు. కార్తికములో అనేకులు చేపలు ముట్టరు కనుక బేరము తగ్గును. ఆశ్వయుజములోనే అమ్ముట లాభము. తిలాపియా, పంగాసియస్ చేపలు చలికి ఓర్వలేవు. చలి ఎక్కువగా నుండు జిల్లాలవారు వానిని చలికాలము మీదుగా నిలుపకుండుట మేలు. క్రొత్త పిల్లలను మాఘమాసము వరకు వదలరాదు.

మేత తగ్గించు విధము

పది సెంట్ల కుంటలో 200 చేపలుండి, ఒక్కొక్కటి 300 గ్రాములు తూగుచున్నవనుకొనుడు. మొత్తము 60 కిలోలు. మామూలు దినములలో 100 కిలోల చేపకు 2 నుండి 3 కిలోల మేత చొప్పున, ఈ కుంటకు దినమునకు 1,200 నుండి 1,800 గ్రాములు పట్టును. చలి ముదిరిన పిదప 100 కిలోలకు కిలో చొప్పున, అనగా 600 గ్రాములు చాలును. మబ్బు, మంచు పట్టిన నాడు, విపరీతమైన చలి నాడు మేత పూర్తిగా మానివేయుడు. చేప ఒకటి రెండు దినములు పస్తున్నంత మాత్రమున చావదు.

మేతను ఉదయము 10 గంటలు దాటి, నీరు కొంత వేడెక్కిన తరువాత పెట్టుడు. వెదజల్లి వేయుటకంటె, కొల్లేరు ప్రాంతపు రైతులు చేయునట్లు, చిల్లులు పొడిచిన సంచిలో మేత నింపి గడకు కట్టి నీటిలో వ్రేలాడదీయుట మంచిది. రెండు మూడు గంటల తరువాత సంచి ఎత్తి చూడుడు. మేత మిగిలియున్నచో మరునాడు అంత తగ్గింపుడు. పేడ వేయుట ఈ రెండు నెలలును ఆపుడు.

వ్యాధులు

వానలు వెనుకబడి నీరు చల్లబడు దినములలో చేపల ఒంటిపై ఎర్రని మచ్చలు లేచి, తరువాత లోతైన పుండ్లగుట కలదు. ఈ పుండ్ల వ్యాధి మన దేశమున 1988లో మొదట కనబడినది. దీనికి మూలము అఫనోమైసిస్ అను బూజు. కొరమేను మొదలైనవి ముందుగా దీని వాత పడును. బయటి చేపలు కుంటలోనికి రాకుండ నీరు వచ్చు తూమునకు సన్నని వల కట్టుడు. మచ్చలు కనబడినచో, భువనేశ్వరు వద్దనున్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు తయారుచేసిన సిఫాక్స్ అను మందును, హెక్టారునకు మీటరు లోతు నీటికి లీటరు చొప్పున వాడవచ్చును. మన పది సెంట్ల కుంటలో 5 అడుగుల నీటికి 60 మిల్లీలీటర్లు చాలును. దానిని బకెట్ల నీటిలో కలిపి కుంట అంతట చల్లుడు. చచ్చిన చేపలను గట్టుమీద పారవేయక, సున్నము చల్లి పాతిపెట్టుడు.

చేపలు గుంజలకు ఒళ్లు రుద్దుకొనుచు, ఎగిరిపడుచున్నచో చేప పేను పట్టినదని గ్రహింపుడు. అది కంటికి కనబడును. గట్టి వస్తువులపై గ్రుడ్లు పెట్టును కావున, నీటిలో కొన్ని వెదురు గడలు పాతి, వారమునకొకసారి తీసి ఎండలో బాగుగా ఆరవేసినచో గ్రుడ్లు నశించును. చేలపై కొట్టు పురుగు మందులను ఎట్టి పరిస్థితులలోను కుంటలో పోయరాదు.

చలి ఉదయములందు వల లాగకుడు. వలకు ఒరసుకొని పొలుసులూడిన చోట దూదివంటి బూజు పట్టును. తప్పనిసరియైనచో మధ్యాహ్నము లాగి, తిరిగి వదలు చేపలను 10 లీటర్ల నీటిలో 200 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణములో రెండు నిమిషములుంచి వదలుడు. చేప గిలగిలలాడినచో అంతకు ముందే తీయుడు.

తెల్లవారుజాము పరీక్ష

ఉదయము పది గంటలకు చేతిని నిటారుగా నీటిలో ముంచుడు. మోచేయి మునిగినపుడు అరచేయి లీలగా కనబడినచో నీటి రంగు సరిగానున్నది. అంతకు ముందే అరచేయి మరుగైనచో నాచు ఎక్కువైనదని తెలిసికొని మేత మరింత తగ్గింపుడు.

మంచు, మబ్బు పట్టిన దినములలో తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకు టార్చిలైటుతో కుంట వద్దకు వెళ్లుడు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచు, చప్పట్లు చరచినను లోనికి పోకున్నచో క్షణము ఆలస్యము చేయరాదు. మోటారున్నచో బోరు నీటిని ఎత్తునుండి, రాళ్లమీదనో చిల్లుల రేకుమీదనో చిందునట్లు పడవేయుడు. బోరు నీరు చలి ఉదయములందు కుంట నీటికంటె వెచ్చగా నుండును గాని, అందు ప్రాణవాయువు తక్కువ. గాలిలో చిందిననే మేలు. కరెంటు లేనిచో ఆయిలింజనుతో కుంట నీటినే తోడి కుంటలోనికే చిమ్ముడు. ఏదియు లేనిచో ఇద్దరు మనుష్యులు వెదురు గడలతో ఎండ వచ్చువరకు నీటిని కొట్టుచుండవలెను. ఆనాడు మేత వలదు.

చేపలు చచ్చినచో ఏవి ముందు చచ్చినవో చూడుడు. పెద్దవి ముందుగా తేలినచో సాధారణముగా ఊపిరాడక చచ్చినవని అర్థము. చిన్నవి, పెద్దవి ఒక్కసారిగా చచ్చినచో పురుగు మందు నీరు చేరినదేమో విచారింపుడు.

మాఘమాసములో నీరు వేడెక్కిన పిదప, మేతను ఒక్కసారిగా పెంచక, రెండు వారములలో క్రమముగా మామూలు పాలునకు తెండు. ఈ ఏర్పాట్లకు అగు ఖర్చు ఎనిమిది కిలోల సున్నము, కొలది కూలి మాత్రమే. మేత తగ్గుటచే మిగులు సొమ్ము అంతకంటె ఎక్కువ. మా కుంటలో ఆ మరుసటి యేడు ఇట్లే చేసితిని. మంచు పట్టిన దినములు ఆ యేడును వచ్చినవి. తెల్లవారుజామున టార్చి వేసి చూడగా చేపలు ఒక్కసారి కదలి, లోతునకు దిగిపోయినవి.